ఆపితే ఆగండి, ఆగి వరస కలపండి

పోలీసులు రోడ్డు మీద బండి ఆపారని విసుక్కునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్లకు మనుషుల విలువ తెలియదు!

మీరే చెప్పండి. ఈ కాలంలో మిమ్మల్ని పట్టించుకుని పలకరించేవాళ్లు ఎంతమంది ఉన్నారు? పొద్దున్నే చెప్పులేసుకుని బయటికి పోతుంటే ఇంట్లోవాళ్లు ఫోన్‌లోంచి తల ఎత్తరు. ఎదురింటాయన మీరు కనబడగానే గేటు వేసుకుంటాడు. బస్సులో పక్క సీటు కుర్రాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూర్చుకుని తనలో తనే నవ్వుకుంటుంటాడు. మీరు ఉన్నా లేనట్టే.

అదే ఊరు దాటి రోడ్డెక్కండి. ఖాకీ బట్టల్లో ఒక మనిషి మిట్టమధ్యాహ్నం ఎండలో మీ కోసమే నిలబడి ఉంటాడు. చెయ్యి అడ్డం పెట్టి మరీ ఆపుతాడు. ఎక్కడి నుంచి వస్తున్నావు? ఎక్కడికి పోతున్నావు? వెనక కూర్చున్నది ఎవరు? ఆ సంచిలో ఏముంది? పెళ్లయిన కొత్తలో మా ఆవిడ అరుణకుమారి కూడా నన్ను ఇంత ఆసక్తిగా అడగలేదు!

కాబట్టి నా మనవి ఏమిటంటే, పోలీసులు ఆపడం బాధ కాదు, భాగ్యం. ఆపినప్పుడు ఎలా ప్రవర్తించాలో తెలియకపోవడమే అసలు బాధ. బండి నడపడం నేర్పే స్కూళ్లు వీధికొకటి ఉన్నాయి. బండి ఆపడం నేర్పే స్కూలు ఒక్కటైనా ఉందా? ప్రభుత్వం ఈ విషయం మీద ఒక కమిటీ వేస్తే అందులో సభ్యుడిగా ఉండటానికి నేను సిద్ధంగా ఉన్నాను.

నా అర్హత ఏమిటంటారా? నేను బీమా ఏజెంటును. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా, ఇటు దొనకొండ, కురిచేడు దాకా పాత మోపెడ్ మీద తిరుగుతుంటాను. ఊళ్లో వాళ్లందరికీ బీమా చేయిస్తాను గానీ నా మోపెడ్‌కు మాత్రం బీమా లేదు. అందుచేత నన్ను ఆపినన్ని సార్లు ఈ ప్రాంతంలో ఇంకెవరినీ ఆపి ఉండరు. ఈ అనుభవం ఏ యూనివర్సిటీలోనూ దొరకదు.

ముందు చెయ్యకూడని పని చెబుతాను. పారిపోకూడదు. మా వీధిలో వెల్డింగ్ షాపు పెట్టుకున్న మహేష్ సంగతి చూడండి. తెలివైనవాడే, కానీ ఖాకీ రంగు కనబడితే బండి పక్కకు తిప్పేస్తాడు. ఓసారి చంద్రశేఖరపురం వైపు పోతూ దూరాన ఖాకీ చొక్కా చూసి, రోడ్డు దిగి కంది చేలోకి పోనిచ్చాడు. బండి మెత్తని దుక్కిలో కూరుకుపోయింది. కందికాయల దొంగ దొరికాడని చేను గల ఆసామి కర్ర పట్టుకుని వచ్చాడు. నాలుగు తగిలించి, లాక్కెళ్లి ఆ రోడ్డు మీద ఖాకీ మనిషికే అప్పజెప్పాడు. తీరా చూస్తే ఆయన పోలీసు కాదు, బస్సు చెడిపోయి చెట్టు నీడన నిలబడ్డ కండక్టరు!

రెండో సంగతి, బండి తాళంచెవి. ఆపగానే కంగారుపడి తాళం తీసి మనమే చేతిలో పెట్టకూడదు. ఆయన వంగి, ఇంజన్ ఆఫ్ చేసి, తాళం తానే లాక్కోవాలి. అది ఆయన హక్కు. ఆ చిన్న ఆనందాన్ని కూడా మనం దూరం చేస్తే ఇక ఆయన ఎండలో నిలబడి ఏం సుఖం?

హెల్మెట్ గురించి అపోహలు చాలా ఉన్నాయి. మన ఎండలకు అది పెట్టుకుంటే తల ఉడికిపోతుంది కదా. అందుకని మనవాళ్లు దాన్ని పెట్రోల్ ట్యాంకు మీద పెట్టుకుంటారు, పోలీసు కనబడగానే తలకెక్కిస్తారు, దాటగానే దించేస్తారు. ఇది రూలును మోసం చెయ్యడం అని కొందరంటారు. తప్పు! పెద్దమనిషి ఎదురైతే పైపంచె సర్దుకోవడం లాంటి మర్యాద ఇది.

ఇక కుర్రకారు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. ఆపీ ఆపగానే ఎవరో నాయకుడికి ఫోన్ కొట్టి, "సార్, అన్న మాట్లాడతాడంట" అని కానిస్టేబుల్ చెవికి ఆనిస్తారు. ఎంత మోటు పద్ధతి! ఆ అన్న నిన్న ఏ పార్టీలో ఉన్నాడో, ఇవాళ ఏ పార్టీలో ఉన్నాడో, ఆ కానిస్టేబుల్‌కు ఏ అన్న నచ్చుతాడో ఎవరికి తెలుసు? ప్రభుత్వాలు మారుతుంటాయి. మేనత్తలు మారరు.

ఇక్కడే నా సిద్ధాంతం మొదలవుతుంది. దాని పేరు వరస కలపడం.

మన పడమటి ప్రకాశంలో ఎవరిని కదిలించినా ఎక్కడో ఒక చోట చుట్టరికం తగులుతుంది. తగలకపోతే సరిగ్గా వెతకలేదన్నమాట. పోలీసు మిమ్మల్ని "లైసెన్స్ ఏది?" అని అడుగుతాడు. మీరు జవాబు చెప్పకూడదు. "మీదే ఊరు సార్?" అని అడగాలి. ఆయన ఊరి పేరు చెప్పాడో, పని సగం అయిపోయినట్టే. ఆ ఊరికి మీ ఇంటి ఆడపిల్లను ఎవరినైనా ఇచ్చారా, ఆ ఊరి పిల్లను ఎవరినైనా తెచ్చుకున్నారా, కనీసం ఆ ఊరి గొర్రెలు ఎరువు కోసం మీ చేలో ఎప్పుడైనా మంద పడ్డాయా చూసుకోవాలి. ఏదో ఒకటి ఉంటుంది.

కంభం దగ్గరి రైతు వెంకటసుబ్బయ్య గారు ఈ విద్యలో నాకు గురువు. ఓసారి ఆయన్ని ఆపిన ఎస్సైది కర్నూలు అవతల ఊరు. చుట్టరికం ఎంత వెతికినా దొరకలేదు. ఇంకొకరైతే చేతులెత్తేసేవారు. ఆయన మాత్రం ఎస్సై చెయ్యి పట్టుకుని, "డెబ్బైకి ముందు మనదీ మీదీ ఒకటే జిల్లా సార్. గవర్నమెంటోళ్లు విడదీసినారు గానీ మేం విడిపోతామన్నామా?" అన్నాడు. డెబ్బై నాటికి ఆ ఎస్సై పుట్టనే లేదు. అయినా కదిలిపోయి, హెల్మెట్ లేని ఆ తలను చూసి నమస్కారం పెట్టి పంపించాడట. ఎస్సై కళ్లు కూడా తుడుచుకున్నాడని వెంకటసుబ్బయ్య గారు అంటారు. నేను చూడలేదు.

ఈ సిద్ధాంతం ఎంత గొప్పగా పనిచేస్తుందో ఈ మధ్య ఒక ఆదివారం నా కళ్లతో చూశాను. చూడటమేమిటి, నేనే దగ్గరుండి నడిపించాను!

దొనకొండ వైపు నుంచి మార్కాపురం వస్తున్నాను. ఊరు ఇంకా కాస్త దూరం ఉందనగా చెకింగ్. ఇద్దరు కానిస్టేబుళ్లు. వయసులో పెద్దాయన బ్రహ్మం. చిన్నవాడు మహేంద్ర, నా దగ్గర పాలసీ కట్టేవాడే. రోడ్డు పక్కన ఏలీయా టీ బంకు. పది పన్నెండు బళ్లు ఆగి ఉన్నాయి. ఒకరికి లైసెన్స్ లేదు, ఒకరికి నంబర్ ప్లేటు లేదు, ఒకాయన బండికి బ్రేకులే లేవు, కాలు నేలకు రాసి ఆపాడు. అందరూ నవ్వుతూ వరసలు కలుపుకుని ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. చూడముచ్చటగా ఉంది.

అంతలో ఒక బండి వచ్చి ఆగింది. అందరం తిరిగి చూశాం. నడుపుతున్నది ఒక అమ్మాయి. వెనక కూర్చున్నది తండ్రి. ఇద్దరి తలల మీదా హెల్మెట్లున్నాయి! పెద్దాయనైతే తలగుడ్డ తియ్యకుండా దాని మీదే హెల్మెట్ దిగ్గొట్టుకున్నాడు. దాని పట్టీలు కూడా గడ్డం కింద బిగించి ఉన్నాయి.

పెద్దాయన పేరు యల్లయ్య. దొనకొండ దగ్గరి పల్లెలో గొర్రెలు కాసుకునే మనిషి. అమ్మాయి గోపిక, డిగ్రీ చదివింది. నాయనకు లైసెన్స్ లేదని ఆయన చేతికి బండి ఇవ్వదట. ఆ రోజు మార్కాపురంలో ఆమెకు ఏదో పరీక్ష ఉంది, పది గంటలకు గేటు మూసేస్తారు.

మహేంద్ర అడిగిందే తడవుగా గోపిక లైసెన్స్ ఇచ్చింది. సీ బుక్ ఇచ్చింది. ఇన్సూరెన్స్ ఇచ్చింది. చివర పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా తీసి ఇచ్చింది. మహేంద్ర దాన్ని అటూ ఇటూ తిప్పి, "అన్నా, ఒకసారి ఇట్ల రా" అని బ్రహ్మాన్ని పిలిచాడు. బ్రహ్మం కళ్లజోడు పెట్టుకుని చూశాడు. ఏలీయా కూడా బంకులోంచి దిగి వచ్చి చూశాడు.

"అన్నీ ఉన్నాయే," అన్నాడు మహేంద్ర.

"అన్నీ ఉన్నాయంటేనే ఏందో ఉంది," అన్నాడు బ్రహ్మం. "మన పక్కల ఇన్ని కాగితాలు ఎవురు పెట్టుకుంటారు? దొంగ బండి అన్నా అయ్యుండాల, లేదంటే పైనుంచి మనల్ని చెక్ చేయడానికి పంపినోళ్లన్నా అయ్యుండాల. పక్కన పెట్టించు. ఎస్సై గారు వచ్చి చూస్తాడు."

"సార్, నాకు పరీక్షుంది. గేటు మూసేస్తారు," అంది గోపిక. "ఇందులో తప్పేముంది సార్?"

"తప్పు లేదనే కదమ్మా పక్కన పెట్టమంటున్నది," అన్నాడు బ్రహ్మం.

ఆయన మాటలోని న్యాయం మీరు గమనించాలి. లైసెన్స్ లేనివాడి దగ్గర ఏం లేదో అందరికీ తెలుసు. అన్నీ ఉన్నవాడి దగ్గర ఇంకేం ఉందో ఎలా తెలుస్తుంది? అనుమానించక ఏం చేస్తారు?

గోపిక బండి పక్కన పెట్టింది. చేతి గడియారం చూసుకుంది, రోడ్డు వైపు చూసింది, మళ్లీ గడియారం చూసుకుంది. మరోపక్క బ్రేకుల్లేని బండాయన మహేంద్రను "అల్లుడూ" అని పిలిచి వెళ్లిపోయాడు. కాలు నేలకు రాస్తూనే వెళ్లాడు.

ఆ పిల్లను చూస్తే నా మనసు ఆగలేదు. చదువుకున్నదన్న మాటే గానీ రోడ్డు మీద ఎలా నిలబడాలో ఎవరూ నేర్పలేదు. "సార్, సార్" అంటుంది. సార్ అంటే ఎవరు వదులుతారు? నేను యల్లయ్య దగ్గరికి పోయాను.

"పెద్దాయనా, కురిచేడు వైపు మీకు చుట్టాలెవరన్నా ఉన్నారా?"

"ఉండకేం నాయనా. మా చిన్నమ్మను ఆడికే ఇచ్చినాం."

"ఆమె భర్త పేరు?"

"మాలకొండయ్య."

నా ఒళ్లు పులకరించింది. బీమా కాగితాల్లో నామినీల పేర్లు నింపీ నింపీ ఈ ప్రాంతంలో ఎవరికి ఎవరు ఏమవుతారో నాకు నోటికొచ్చు. ఆ మాలకొండయ్య చెల్లెలి కొడుకే ఎదురుగా నిలబడ్డ కానిస్టేబుల్ మహేంద్ర! అంటే యల్లయ్య, మహేంద్ర బావాబామ్మర్దులు. గోపిక మహేంద్రకు మేనకోడలు వరస. ఈ సంగతి రోడ్డు మధ్యన నిలబడి గట్టిగా ప్రకటించాను.

మహేంద్ర కాగితాలన్నీ ఏలీయా చేతికిచ్చి పరుగున వచ్చి యల్లయ్యను కావలించుకున్నాడు. "బావా, ముందే చెప్పొద్దా? ఇంతసేపు ఎండలో నిలబెట్టినానే," అన్నాడు. అనుమానం, దొంగ బండి అన్నీ ఎగిరిపోయాయి. ఎస్సై రావలసిన అవసరమే లేకుండా పోయింది. చూశారా నా సిద్ధాంతం?

"అయితే పోతాం సార్," అంది గోపిక.

"సారేంది, మామా అను. టీ తాగకుండా పోతే మా అమ్మ నన్ను ఊరుకుంటదా?" అన్నాడు మహేంద్ర. ఏలీయా అప్పుడే పొయ్యి ఆర్పేసి ఉన్నాడు. మళ్లీ వెలిగించాడు. చుట్టాలన్నాక కాచిన టీ పోస్తారా? కొత్త పాలు పెట్టాడు.

పాలు కాగేలోపు మహేంద్ర వాళ్లమ్మకు ఫోన్ చేశాడు. స్పీకర్ ఆన్ చేసి యల్లయ్య చేతికిచ్చాడు. ఆవిడ మొదటి మాటే, "మేం కొత్తింట్లో దిగినప్పుడు ఊరంతా వచ్చినారు, మీరు రాలేదేం?" అంది.

"పత్రిక రాలేదత్తా," అన్నాడు యల్లయ్య.

"మాలకొండయ్యన్న చేత పంపినానే."

మాలకొండయ్యను కూడా లైన్లోకి తీసుకున్నారు. ఆయన పత్రిక పోలమ్మ చేతికే ఇచ్చానన్నాడు. పోలమ్మ యల్లయ్య భార్య. ఆమెనూ లైన్లోకి తెచ్చారు. గొర్రెల అరుపుల్లోంచి ఆమె గొంతు వినబడింది. "నేను మంద కాడ ఉన్నా. నాకే పత్రికా ఇయ్యలేదు. అది సరే గానీ, పిల్ల పరీక్షకు పోయిందా లేదా?" అంది. పత్రిక సంగతి తేలకుండా వేరే విషయానికి పోవడం పద్ధతి కాదు కదా!

"మామా, గేటు మూసేస్తారు," అంది గోపిక. టీ రాగానే పొగలు కక్కుతుండగానే ఒక్క గుక్కలో తాగేసింది. నోరు కాలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంతకీ ఏం పరీక్ష కోడలా?" అని మహేంద్ర హాల్ టికెట్ తీసుకుని చూశాడు. కానిస్టేబుల్ ఉద్యోగాల రాతపరీక్ష.

ఇక ఆయన సంతోషానికి పట్టపగ్గాలు లేవు. "అమ్మా, పిల్ల మన డిపార్ట్‌మెంట్లోకే వస్తాంది," అని ఫోన్లో అరిచాడు. బ్రహ్మం కూడా వచ్చి, రన్నింగ్‌లో మొదటి రౌండు మెల్లగా పరిగెత్తాలని చెప్పాడు. అందరం కలిసి సెల్ఫీ దిగాం. ఏలీయా సరిగ్గా పడలేదంటే ఇంకోటి దిగాం. నేనూ పడ్డాను రెండింటిలో.

చివరికి కాగితాలు ఇచ్చేస్తూ మహేంద్ర, "గేటు కాడ మనోళ్లే ఉంటారు. నా పేరు చెప్పు, ఎవురూ అడ్డం చెప్పరు," అన్నాడు. గోపిక సరిగ్గా వినలేదనుకుంటాను. అప్పటికే బండి స్టార్ట్ చేసింది.

నన్ను కూడా ఎవరూ ఏమీ అడగలేదు. ఇంత మేలు చేసినవాడిని ఇన్సూరెన్స్ ఎవరడుగుతారు? వాళ్ల వెనకే మోపెడ్ మీద బయల్దేరి పరీక్ష జరిగే కాలేజీ దగ్గరికి చేరాను.

గేటు మూసి ఉంది.

గేటు లోపల నిలబడ్డ కానిస్టేబుల్ ఎవరో కొత్త మనిషి. యల్లయ్య తలగుడ్డ మీద హెల్మెట్ అలాగే ఉంచుకుని, గేటు ఊచలు పట్టుకుని, "మీదే ఊరు నాయనా?" అని అడుగుతున్నాడు. నా సిద్ధాంతం అంత తొందరగా ఒంటబట్టించుకున్నాడు! ఆ కానిస్టేబుల్ విజయనగరం అవతల ఏదో పల్లె పేరు చెప్పాడు. డ్యూటీ మీద వచ్చాడట. నేను కూడా ముందుకు పోయి నాకు తెలిసిన చుట్టరికాలన్నీ చెప్పాను. మహేంద్ర పేరు చెప్పాను. ఆయనకు మహేంద్ర ఎవరో తెలియదు.

"రూలు రూలేనండి. ఒక్క నిమిషం దాటినా పంపొద్దన్నారు. నన్నేం చెయ్యమంటారు?" అన్నాడాయన. ఆ మనిషి ముఖంలో కూడా బాధే ఉంది. ఆ రోజు నేను తిరిగిన దారి పొడుగునా రూలు కనబడిన చోటు అదొక్కటే.

యల్లయ్య నా వైపు తిరిగాడు. "మా పొట్టేళ్లను ఎవురో తోలుకపోతే స్టేషన్‌కు పోయినాం నాయనా. లోపల మీకు తెలిసినోళ్లెవురన్నా ఉన్నారా అని అడిగినారు. లేరంటిమి. బయట కూర్చోమన్నారు. ఆ పొద్దు నుంచి పుస్తకాలు పట్టుకున్నది ఈ పిల్ల. నేను లోపల కూర్చుంటే ఎవుర్నీ అట్ల అడగను నాయనా అనేది."

గోపిక హెల్మెట్ తీసి బండికి తగిలించింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "చిన్నాయనా, నాకాడ అన్నీ ఉన్నాయి కదా. ఎందుకు ఆపినారు?" అని నన్ను అడిగింది.

పాఠకులారా, ఆ పిల్లకు తెలియదు గానీ మనమందరం ఆ రోజు ఎంత పెద్ద ప్రమాదం నుంచి బయటపడ్డామో ఆలోచించండి! ఆమె పరీక్ష రాసి పాసై, ఖాకీ వేసుకుని మన రోడ్డు మీద నిలబడి ఉంటే? కాగితాలు చూస్తుంది. సరిగ్గా ఉంటే పొమ్మంటుంది. లేకపోతే చలానా రాస్తుంది. ఊరు అడగదు, ఇంటిపేరు అడగదు, టీ ఇప్పించదు. పొట్టేళ్లు పోయాయని ఎవరైనా వస్తే, తెలిసినవాళ్లెవరూ లేకపోయినా రాసుకుంటుంది. అలాంటి పోలీసు వస్తే మన చుట్టరికాలన్నీ ఏం కావాలి? ఆమెను సమయానికి ఆపగలిగిన వాళ్లందరికీ ప్రజల తరఫున నా కృతజ్ఞతలు.

గోపికా, ఈ మాట నీకు. మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో తెలియదు. పడినప్పుడు లైసెన్స్, సీ బుక్ అన్నీ ఇంట్లో పెట్టేసిరా. హెల్మెట్ వద్దు. బండి మీ నాయనకివ్వు, నువ్వు వెనక కూర్చో. నిన్ను ఎవరూ అనుమానించరు, గేటు మూసేలోపు చేరతావు. వెళ్లి పరీక్ష రాయి, పోలీసువి కా. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఈ రోడ్డు మీదకి వచ్చి నా మోపెడ్ ఆపు. నేను వరస కలపడానికి చూస్తాను. కలపనియ్యకు.